మూరెడు సందు

ఓబులేసు కారుషెడ్డులోకి నీళ్ళు వస్తున్నాయి.

ఇళ్ళలోకి నీళ్ళు రావడం మా ఊళ్ళో వార్త కాదు. పంచాయతీవాళ్ళు సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసీ వేసీ వీధిని గడపలకంటే ఎత్తు చేశారు. వాన పడితే రోడ్డు పొడిగా ఉంటుంది, మనం తడుస్తాం. కానీ మా బండమీదపల్లెలో కారుషెడ్డు ఉన్నది ఒక్క ఓబులేసుకే. కాబట్టి అది వార్త.

షెడ్డు అంటే కొత్తగా కట్టింది కాదు. వాళ్ళ నాయన ఎద్దులబండి నిలిపిన కొట్టానికే పైన రేకులు మార్చి, ముందు షట్టరు పెట్టించాడు. గోడలు మాత్రం ఆ పాత రాతిగోడలే, మట్టితో కట్టినవి. ఆ గోడకూ, పక్కింటి సుంకన్న ప్రహరీకీ నడుమ మూరెడు సందు ఉంది. అందులో సగం ఓబులేసుది, సగం సుంకన్నది. అందుకని ఎవరూ ఊడ్వరు. పిల్లి తప్ప అందులోకి పోయేవాళ్ళు లేరు. చిన్నప్పుడు వాళ్ళిద్దరూ దాగుడుమూతలాటలో అందులోనే దాక్కునేవాళ్ళట. ఇప్పుడు ఓబులేసు పొట్ట ఒక్కటే పోయినా ఆ సందు నిండిపోతుంది.

మొదటి వానకు వీధినీళ్ళు వచ్చాయి. ఓబులేసు షట్టరు ముందు జానెడు గట్టు కట్టాడు. వీధినీళ్ళు ఆగాయి.

రెండో వానకు వెనక మూలలో నీళ్ళు వచ్చాయి. సుంకన్న వైపు మూల. ఓబులేసు గోనెసంచుల్లో ఇసుక నింపి పేర్చాడు. సంచులు తడిసి, నాని, వాసన కొట్టాయి. నీళ్ళు మాత్రం సంచుల కింద నుంచి వచ్చి కారు వెనక చక్రం దగ్గర కూర్చున్నాయి.

మధ్యలో ఒక మంగళవారం ఓబులేసు టౌనుకు పోయొచ్చాడు. ఎందుకని అడిగితే పని ఉండె అన్నాడు. ఏ పని చేసినా ఊరందరికీ చెప్పుకునే మనిషి, చెప్పకుండా ఒక పని చేశాడంటే అది సిగ్గుపడే పనే అయి ఉండాలి. నేను ఎవరి గురించీ చెడుగా అనను. అనుకున్నాను, అంతే.

ఆ తర్వాత వాన లేని రోజుల్లో కూడా మూల తడిగా ఉండడం మొదలైంది.

వాన లేకుండా తడి వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఓబులేసుకు వాన ఉన్నప్పుడే వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు రూఢి అయింది. నీళ్ళు సుంకన్న వదులుతున్నాడు.

సుంకన్న సన్నటి మనిషి. రెండు బర్రెలున్నాయి. మాట తక్కువ. ఎదుటివాడు కష్టం చెప్పుకుంటుంటే ఏం అనాలో తెలియక నవ్వుతాడు. షెడ్డులోకి నీళ్ళొస్తున్నాయని ఓబులేసు చెప్పినప్పుడు కూడా నవ్వాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

*

మా ఊరి బయట సున్నపుబట్టీ ఉంది. దాని యజమాని, కూలి, కాపలా అన్నీ మౌలాలప్పే. దూదేకుల ఆయన. డెబ్బై దాటాయి. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన్ని సామి అంటారు. ఉపదేశం కావాలని వచ్చినవాళ్ళను ముందు సున్నపురాళ్ళు మోయమంటాడు. అందుకే ఆయనకు శిష్యులు తక్కువ. ఉన్నవాళ్ళకు నడుము నొప్పి.

ఓబులేసూ సుంకన్నా ఒకే రోజు ఆయన దగ్గర చేరారు. ముప్పై ఏళ్ళయింది. సుంకన్న ఇప్పటికీ రాళ్ళు మోస్తాడు. ఓబులేసు కారు కొన్నాక తానే పెద్దశిష్యుణ్ణి అని నిర్ణయించుకున్నాడు. ఒకసారి సామిని కారులో కూర్చోబెట్టుకొని టౌనుకు తీసుకుపోయాడు. సామి పంచెకున్న సున్నం సీటుకు అంటింది. మరుసటి రోజు నుంచి సీట్లకు ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. సామి మళ్ళీ ఎక్కలేదు.

ఆ ఓబులేసు సామి దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"సామీ, షెడ్డులోకి నీళ్ళొస్తాండాయి. ఏం చేయమంటారు?"

"ఎట్నుంచి?"

"సుంకన్నే సామీ."

సామి బట్టీలోకి ఒక రాయి వేశాడు.

"నేను ఎట్నుంచి అని అడిగితి. ఎవర్నుంచి అని అడగలేదు."

ఓబులేసు ఎడమచేత్తో తల గోక్కున్నాడు. "వెనక మూల సామీ. సందు పక్క."

"ఆ సందు బాగు చేయి. గోడ ఆరనీ. ఆరినాక బయటిపక్క సున్నం పట్టించు. నీళ్ళను అవి వచ్చే పక్కే ఆపాల, పొయ్యే పక్క కాదు."

ఒక గంపెడు సున్నం ఇచ్చాడు.

ఓబులేసు ఆ మాటను దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు. బయటిపక్క పట్టించాలంటే సందులో దిగాలి. దిగితే సుంకన్న సగం తొక్కాలి. తొక్కితే ఆక్రమించాడంటాడు. వాడు అననైనా అనడు, నవ్వుతాడు. అది ఇంకా ప్రమాదం. పైగా గోడ ఆరనీ అన్నాడు సామి. రోజూ ఎవడో నీళ్ళు పోస్తుంటే గోడ ఎప్పుడు ఆరేను?

కాబట్టి ఓబులేసు సున్నాన్ని లోపలిపక్క, తడి మీదే, మందంగా పట్టించాడు. గురువు మాట విన్నట్టూ ఉంది, వినక్కర్లేకుండానూ ఉంది. మా ఊళ్ళో శిష్యులందరూ దాదాపు ఇట్లాగే వింటారు.

*

మూడో రోజు పొద్దున ఓబులేసు భార్య సుబ్బరత్న చీపురు తీసుకొని షెడ్డులోకి పోయింది. పోయినంత వేగంగా బయటికొచ్చి కేక పెట్టింది.

వీధంతా పోయాం. సాయం చేయడానికే.

వెనక గోడ అడుగున, తెల్లటి సున్నం మీద నుంచి, ఎర్రటి నీళ్ళు సన్నటి పాయలుగా జారి, కారు వెనక చక్రం దాకా పారి ఉన్నాయి.

"నెత్తురు!" అన్నారెవరో.

మా వీధి నాగులమ్మ అన్నీ తెలిసిన మనిషి. ముందుకు పోయి, వేలు ముంచి, వాసన చూసింది. "నెత్తురు కాదు. పసుపు వాసన."

ఒక్కసారి అందరం వెనక్కి జరిగాం. నెత్తురైతే పిల్లి ఎలుకను పట్టింది అనుకోవచ్చు. ఇది ఎర్రనీళ్ళు. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపవుతుందని మా ఊళ్ళో ఉయ్యాలలో పిల్లకు కూడా తెలుసు. దిష్టి తీసేది దాంతోనే. అంటే ఎవరో దిష్టి తీసి, ఆ నీళ్ళు తెచ్చి ఓబులేసు కారు కింద పారబోశారు.

"పసుపూ సున్నమూ వాటంతట అవే నడిచొచ్చి కలుసుకోవు కదా," అంది నాగులమ్మ.

అందరం ఒప్పుకున్నాం. చాలా తెలివైన మాట అనిపించింది.

పోయిన వారమే సుంకన్న బర్రెకు పొదుగు వాచి, వాళ్ళింట్లో దిష్టి తీశారు. ఆ సంగతి అప్పుడే నలుగురికి గుర్తొచ్చింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ ప్రహరీ వైపు చూశారు. ప్రహరీ మీద నుంచి సుంకన్న తల కనిపించింది. ఇంత గొడవ ఏమిటా అని చూస్తున్నాడు.

"బర్రెకు తీసిన నీళ్ళు యాడ పోసినావు రా?" అని అడిగాడు ఓబులేసు.

"మూడుదోవల కాడ పోసింది మా ఆడమనిషి. ఏం?"

"ఏం అంటే వచ్చి చూడు."

సుంకన్న వచ్చి చూశాడు. ఏం అనాలో తెలియలేదు. నవ్వాడు.

ఆ రోజుతో మా ఊళ్ళో ఎవరికీ సందేహం మిగల్లేదు. ఎవరికి వాళ్ళు జాగ్రత్తపడ్డారు. బాషా అంగడిలో రెండు రోజుల్లో పసుపు అయిపోయింది. ఎవరు కొన్నారని అడిగితే బాషా అందరి పేర్లూ చెప్పాడు. అందరూ మాత్రం కూరలోకి అన్నారు.

సుబ్బరత్నకు ఇంకో అనుమానం కూడా ఉంది. నెలరోజులుగా ఆమె డబ్బాలో పసుపు తగ్గిపోతోంది. రెండు నెలలకని ఆడించిన పసుపు ఇరవై రోజులకు అడుగంటింది. గోడ దగ్గర లింగమ్మతో మాట్లాడుతూ వంటింటి తలుపు తెరిచిపెట్టి ఉంటానేమో అనుకుంది. లింగమ్మ అంటే సుంకన్న భార్య.

వాళ్ళిద్దరి సంగతి కూడా చెప్పాలి. సుబ్బరత్న ఇంట్లో పెరుగుకు తోడు ఎప్పుడూ లింగమ్మ ఇంటి మజ్జిగే. సాయంత్రం సుబ్బరత్న ప్రహరీ మీద చిన్న గిన్నె పెడుతుంది. దీపం పెట్టే వేళకు అందులో మజ్జిగ ఉంటుంది. ఒకరినొకరు పిలుచుకోవడం కూడా లేదు. ఇరవై ఏళ్ళుగా అట్లాగే జరుగుతోంది.

ఆ సాయంత్రం ప్రహరీ మీద గిన్నె లేదు. లింగమ్మ రెండుసార్లు గోడ దగ్గరికి వచ్చి, చూసి, పోయింది.

*

ఓబులేసు మళ్ళీ బట్టీ దగ్గరికి పోయాడు. చొక్కా జేబులో కుడిచెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు. నెలరోజులుగా అతను అట్లాగే నిలబడుతున్నాడు. ఎదురుపడినవాళ్ళకు దణ్ణం కూడా పెట్టడం లేదు. కారు వచ్చాక మిడిసిపాటు వచ్చిందని మేమనుకున్నాం.

"సామీ, ఈ శుక్రవారం సుంకన్నతో ప్రమాణం చేయించాల."

ఇది తేలిక మాట కాదు. మా ఊళ్ళో ప్రమాణం అంటే, నింద పడ్డవాడు నెత్తి మీద రెండు బిందెల నీళ్ళు పోసుకొని, తడిబట్టలతో బట్టీ నిప్పు ముందు నిలబడి, నేను చేయలేదు అని మూడుసార్లు చెప్పాలి. అబద్ధం చెబితే ఏమవుతుందో ఇంతవరకు తెలియలేదు. నిజం చెప్పినా ఒకటి మాత్రం అవుతుంది. ఆ రెండిళ్ళ మధ్య నిప్పూ నీళ్ళూ ఆగిపోతాయి. పెళ్ళికి పిలుపు ఉండదు, చావుకు రాక ఉండదు. నేను ఇట్లాంటివి మూడు చూశాను. ఆ ఆరిళ్ళవాళ్ళు ఇప్పటికీ ఎదురెదురు వస్తే వీధి దాటి అవతలి పక్కకు పోతారు.

సామి ఓబులేసును కాసేపు చూశాడు.

"సున్నం బయటిపక్క పట్టించినావా?"

"లోపలిపక్క సామీ. బయటంటే సందులో దిగాల. సగం వాడిది."

"ఊఁ." సామి రాళ్ళు సర్దాడు. "ప్రమాణం చేయించినాక వాడితో మళ్ళీ మాట్లాడతావా?"

"ఎట్లా మాట్లాడేది సామీ?"

"అయితే మాట్లాడాల్సింది ఏమన్నా మిగిలిపోయుంటే శుక్రవారం లోపల మాట్లాడుకో. ముప్పై ఏళ్ళది కదా. ఉంటుంది."

ఓబులేసు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ప్రహరీ అవతల సుంకన్న బర్రెకు కుడితి పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒకసారి లేచి గోడ దాకా పోయాడు. అంతలో అవతల సుంకన్న ఎందుకో నవ్వాడు. బర్రెను చూసి నవ్వి ఉండాలి. ఓబులేసు వెనక్కి వచ్చాడు.

గిన్నె పెట్టని నాటి నుంచి సుబ్బరత్న ఇంట్లో పెరుగు లేదు. నాగులమ్మ ఇంటి తోడు వేసి చూసింది. జిగురుగా, తీగలు సాగింది.

"శుక్రవారం తర్వాత తోడు ఎవరిస్తారు?" అని ఆమె భర్తను అడిగింది.

"అది మంత్రం వేసిన మజ్జిగ కాదని నీకేం తెలుసు?" అన్నాడు ఓబులేసు.

ఇరవై ఏళ్ళు తాగినవాళ్ళకు ఆ సంగతి ఈపాటికి తెలిసే ఉండాలి. ఆమె ఆ మాట అనలేదు. గిన్నె కడిగి బోర్లించింది.

*

శుక్రవారం పొద్దున్నే బట్టీ దగ్గరికి ఊరంతా వచ్చింది. పని ఉన్నవాళ్ళు పని మానుకొని వచ్చారు. పని లేనివాళ్ళు ముందు వరుసలో నిలబడ్డారు.

సుంకన్న తొట్టి దగ్గర రెండు బిందెలు పోసుకొని, నీళ్ళు కారుతూ వచ్చి బట్టీ ముందు నిలబడ్డాడు. నవ్వలేదు. అతను నవ్వకుండా ఉండడం మేం మొదటిసారి చూశాం. తప్పు చేసినవాడికి నవ్వెట్లా వస్తుంది అని నా పక్కనున్నాయన గొణిగాడు. వారం కిందట నవ్వినందుకు తప్పు పట్టింది కూడా ఆయనే.

లింగమ్మ ఒక పక్క, సుబ్బరత్న ఒక పక్క నిలబడ్డారు. ఇద్దరూ నేల చూస్తున్నారు.

"ఓబులేసూ," అన్నాడు సుంకన్న. "సామి ముందర అడుగుతుండా. నేనే పోసింటినని నిజంగా అనుకుంటివా?"

ఓబులేసు బట్టీలో మంట వైపు చూశాడు. జేబులో చెయ్యి తీయలేదు.

"ప్రమాణం చెయ్."

సుంకన్న నోరు తెరిచాడు.

"ఉండండి," అన్నాడు సామి. "ఆకు వేసుకోనీ."

గుండ్రాయి మీద కూర్చొని, సంచి విప్పి, ఒక తమలపాకు తీసి పంచెకు తుడిచాడు. సున్నపు డబ్బీ మూత తీశాడు. చూపుడువేలితో కాస్త సున్నం తీసుకున్నాడు. ఆకుకు రాయలేదు.

"సుంకన్నా, చెయ్యి చాపు."

సుంకన్న చాపాడు. పేడ ఎత్తీ ఎత్తీ కాయలు కాసిన చెయ్యి. సామి అరచేతి మధ్యలో సున్నం రాశాడు. రాసి చూస్తూ కూర్చున్నాడు.

మేమూ చూశాం. సున్నం తెల్లగా ఉంది. చాలాసేపు చూశాం. తెల్లగానే ఉంది.

సామి తన వేలు చూసుకున్నాడు. ఇంకా కాస్త సున్నం మిగిలి ఉంది. పక్కనే ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"నీ చెయ్యి, ఓబులేసూ."

జేబులోని చెయ్యి జేబులోనే ఉంది.

"చెయ్యి, నాయనా."

చెయ్యి బయటికి వచ్చింది. గోళ్ళు పచ్చగా ఉన్నాయి. వేళ్ళ సందులు పచ్చగా ఉన్నాయి. సామి మిగిలిన సున్నాన్ని ఆ అరచేతికి తుడిచాడు.

మొదట తెల్లగానే ఉంది. తర్వాత అంచులు మారాయి. తర్వాత మధ్య. చూస్తుండగానే అరచెయ్యంతా పెళ్ళికూతురి పాదం పారాణిలా ఎర్రబడింది.

సుబ్బరత్న రెండడుగులు ముందుకు వచ్చింది.

"అయితే నా పసుపు దొంగవి నువ్వేనా అయ్యా?"

ఓబులేసు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ మంగళవారం టౌనులో వాస్తు చూసే ఒకాయన దగ్గరికి పోయాడట. పక్కింటి దిష్టి తగిలింది, నలభై ఒక్క రోజులు కోడికూత వేళ పసుపునీళ్ళు కలిపి ఇంటి చుట్టూ పోయాలి, ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే ఫలం పోతుంది అన్నాడట ఆయన. ఓబులేసు రోజూ బిందెడు కలిపి చుట్టూ పోస్తున్నాడు. సందులో తాను పట్టడు కాబట్టి, బిందెలో మిగిలిందంతా సందు మొగలో వంచి ఇంట్లోకి పోతున్నాడు. వానకు అక్కడ చేరిన నీళ్ళు పోయే దారి లేక ముందే నిలిచి ఉన్నాయి. వాటితోపాటు ఇవీ రాతిగోడ కిందుగా దూరి, షెడ్డులోకి వచ్చి, అతనే పట్టించిన సున్నాన్ని కలుసుకున్నాయి. ఇది ముప్పై మూడో రోజు.

"అంటే నడిచే వచ్చినాయన్నమాట," అంది నాగులమ్మ. ఆమె ఏ విషయాన్నీ వదిలిపెట్టదు, తను అన్నదైనా సరే.

సామి డబ్బీ మూత పెట్టబోయి ఆగాడు. డబ్బీని మా వైపు చాపాడు.

"ఇంకెవరన్నా?"

ముందు వరుస ఒక అడుగు వెనక్కి జరిగింది. అందరి చేతులూ వీపుల వెనక్కి పోయాయి. బాషా అంగడి పసుపు ఏమైందో అప్పుడు అర్థమైంది. నా చేతులు కూడా వెనకే ఉన్నాయి. నావి చలికి.

"సామీ," అన్నాడు సుంకన్న. "ప్రమాణం ఉందా? లేకుంటే బట్టలు మార్చుకుంటా."

ఓబులేసు భుజం మీది తుండు తీశాడు. సుంకన్న దగ్గరికి పోయి, తల తుడుచుకోమని ఇవ్వబోయి, తనే తుడవడం మొదలుపెట్టాడు. అంత పెద్ద మనిషికి తల తుడవడం అలవాటు లేదు కాబట్టి చెవులు నలిపేశాడు. తుండు నిండా ఎర్రటి వేళ్ళ గుర్తులు పడ్డాయి. క్షమించు అనే మాట మా ఊళ్ళో ఎవరూ వాడరు. ఓబులేసు కూడా వాడలేదు.

"మెల్లగా రా," అన్నాడు సుంకన్న. నవ్వాడు.

*

ఆ రోజే సందు బాగు చేశారు. సుంకన్న పక్కవాటుగా లోపలికి దూరాడు. ఓబులేసు మొగలో నిలబడి గంపలు అందుకున్నాడు. పెంకులు, కొబ్బరిపీచు, కుళ్ళిన ఆకులు, నల్లటి బురద. వాటితోపాటు ఒక ఇత్తడి చెంబు వచ్చింది. అది పోయిన ఏడు లింగమ్మ తీసిందని సుబ్బరత్న అనుకున్న చెంబు. తర్వాత ఒక కొడవలి వచ్చింది. అది ఓబులేసు తీసుకొని ఇవ్వలేదని సుంకన్న అనుకున్న కొడవలి. అనుకున్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతున్నప్పుడు ఇద్దరి మొహాలూ చూసి మేం తెలుసుకున్నాం.

అడుగున బండలు పరిచి, నీళ్ళు వీధికాలువలోకి పోయేట్టు వాలు పెట్టారు. ఎనిమిది రోజులు గోడను ఎండనిచ్చారు. తర్వాత సుంకన్న బయటిపక్క సున్నం పట్టించాడు, సామి మొదట చెప్పినట్టే.

శ్రావణంలో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. ఓబులేసు షెడ్డులోకి పోయి వెనక మూలను అరచేత్తో తడిమాడు. పొడి. ఆ సాయంత్రం ప్రహరీ మీద చిన్న గిన్నె ఉంది. దీపం పెట్టే వేళకు దానిలో మజ్జిగ ఉంది, వాననీళ్ళు పడకుండా పైన తమలపాకు మూసి ఉంది.

మరుసటి రోజు ఓబులేసు బట్టీ దగ్గరికి పోయాడు. కారులో పోలేదు, నడిచి పోయాడు. అప్పుడు నేను సున్నం కోసం పోయి అక్కడే ఉన్నాను. సున్నంతో ఏం పనంటారా, ఇంట్లో ఉంటే మంచిది.

ఓబులేసు ఒక రాయి ఎత్తి గుట్ట మీద పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. తర్వాత అడిగాడు.

"సామీ, నా చేతికి పసుపుందని మీకు ముందే తెలుసు కదా? నాకు బుద్ధి చెప్పాలనే సున్నం రాస్తిరి."

సామి సంచి విప్పి ఆకు తీశాడు.

"తెలీదు నాయనా."

"మరి?"

"నాకూ సుంకన్న మీదే అనుమానం. అందుకే ముందు వాడి చేతికి పెడితి."

ఓబులేసు చేతిలో రాయి అట్లాగే ఉండిపోయింది.

"నా చేతికెందుకు పెడితిరి సామీ?"

"వేలికి సున్నం మిగిలిండె."

సామి ఆకును పంచెకు తుడిచాడు. డబ్బీ తెరిచి, వేలితో సున్నం తీసుకున్నాడు. ఆకుకు రాసే ముందు తన ఎడమ అరచేతి మధ్యలో కాస్త రాసుకున్నాడు. దాని వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.